తోకమాటల శాస్త్రమూ కొత్తావకాయా

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే చిత్రవరం వాళ్లు పొంగిపోతారు గానీ, ఉన్నమాట చెప్పాలంటే అది రాజ్యం కాదు. తెల్లదొరలకు కప్పం కట్టుకుంటూ కొండల పక్కన బతికే చిన్న సంస్థానం. ఒక కోట, ఒక ముసలి ఏనుగు, పేలడం ఎప్పుడో మరిచిపోయిన ఒక ఫిరంగి. ఇంతటి వైభవానికీ అధిపతి రాజా విశ్వంభర దేవు గారు.

రాజుగారు చెడ్డవారు కారు. పంటలు పోతే శిస్తు వదిలేసేవారు. ఎవరింట పెళ్లయినా కోటలోంచి బియ్యం పంపేవారు. కానీ ఆయనకు ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. వానలు వెలిశాక కలెక్టరు దొర చిత్రవరం వస్తున్నాడని కబురొచ్చింది. దొరతో ఎవరి సాయమూ లేకుండా దొరల భాషలోనే మాట్లాడాలని రాజుగారు ముచ్చటపడ్డారు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఏనుగుకు గుడ్ మార్నింగ్ చెప్పడం, పూజారి తీర్థమిస్తే థాంక్యూ అనడం మొదలైంది. ఏనుగు ఏమీ అనేది కాదు. పూజారీ ఏమీ అనేవాడు కాదు, ఉద్యోగం ముఖ్యం కదా.

ఆ కొలువులో ధర్మలింగం అని ఒక దుబాసీ ఉండేవాడు. దుబాసీ అంటే దొరలన్నది మనకూ, మనమన్నది దొరలకూ చెప్పిపెట్టే మనిషి. భీమునిపట్నం రేవులో దొరల బంగళాల మధ్య పుట్టి పెరిగాడు. తండ్రిదీ అదే పని. మనిషి మహా గర్విష్ఠి. జరీ తలపాగా నలగనిచ్చేవాడు కాదు, తల వంచేవాడు కాదు, అన్నిటినీ మించి నవ్వేవాడు కాదు. విదూషకుడు పేరిశాస్త్రి ఒక చమత్కారం విసిరితే కొలువంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, ధర్మలింగం మాత్రం తలపాగా సర్దుకుంటూ కూర్చునేవాడు. దాంతో పేరిశాస్త్రికి అతణ్ని చూస్తే ఒళ్లు మండేది. ఇద్దరికీ మాటల్లేక చాలా కాలమైంది.

రాజుగారు సహజంగానే ధర్మలింగాన్ని పిలిచి ఇంగ్లీషు నేర్పమన్నారు. అక్కడే వచ్చింది తంటా అంతా.

ఇంగ్లీషులో క్రియల వెనకాల ఎట్, ఆన్, ఫర్, విత్ అని చిన్నచిన్న మాటలు తగులుకుని ఉంటాయి. ధర్మలింగం వాటిని తోకమాటలు అనేవాడు. ఏ క్రియకు ఏ తోక తగిలించాలో అతని నాలుకకు తెలుసు. ఎందుకు తగిలించాలో మాత్రం అతనికి తెలియదు.

"లుక్ ఎట్ అంటే చూడడం అండి. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు కనిపెట్టుకుని ఉండడం."

"లుక్ అంటే చూడడమే కదయ్యా. తోక మారితే పనే మారిపోతుందా? ఎందుకలాగ?"

"అలాగే అంటారండి."

ఏది అడిగినా ఇదే జవాబు. రాజుగారికి విసుగెత్తిపోయింది. రాజు అన్నవాడు ఎందుకు అని అడిగితే కారణం చెప్పాలి గానీ, అలాగే అంటారు అని మొహం మీద చెప్పేస్తే ఎలా?

సరిగ్గా అప్పుడు మదరాసు నుంచి త్రివిక్రమాచారి దిగాడు. ఆయన వెంట ఒక పెద్ద పుస్తకమూ, దాన్ని మొయ్యడానికి ఒక పల్లకీ కూడా వచ్చాయి. నిజం, పుస్తకం పల్లకీలో వచ్చింది, ఆయన పక్కన నడిచాడు. అది చూసే రాజుగారు సగం పడిపోయారు.

"మహాప్రభూ! ఇంగ్లీషుకు శాస్త్రం లేదన్న అపవాదు నేను తుడిచేశాను," అన్నాడు ఆచారి. "దీనికి మూల సూత్రాలు రెండే. ఒక క్రియకు ఒకే తోడు. ఆ తోడు ఏదో మన తెలుగు విభక్తే చెబుతుంది. 'కోసం' అంటే ఫర్. 'మీద' అంటే ఆన్. 'తో' అంటే విత్. 'కి' అంటే టు. నీ కోసం కాచుకున్నాను. అంటే వెయిట్ ఫర్. నీ మీద ఆధారపడ్డాను. అంటే డిపెండ్ ఆన్. సరిపోయిందా, లేదా?"

సరిపోయింది. అదే పెద్ద దగా. సరిపోయినవి ఏరుకుని ముందు చూపించాడు మహానుభావుడు. రాజుగారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ 'అలాగే అంటారు' అని తనను ఏడిపించిన ధర్మలింగాన్ని అక్కడికక్కడే కొలువుకు పిలిపించారు.

"నా మాట విను," అన్నాడు ఆచారి ధర్మలింగం వైపు తిరిగి. "ఇందులో విభక్తి లేదు, కాబట్టి తోక అక్కర్లేదు. లిజన్ మీ. ఔనా?"

"లిజన్ టు మీ అంటారండి."

"ఊరికి చేరాడు. 'కి' అంటే టు. ఎరైవ్డ్ టు."

"ఎరైవ్డ్ ఎట్ అంటారండి."

"సీతతో పెళ్లి చేసుకున్నాడు. మ్యారీడ్ విత్ సీత."

"మ్యారీడ్ సీత అనేస్తారండి. విత్ రాదు."

"ఉండాల్సిన చోట లేదంటావు, అక్కర్లేని చోట పెడతావు! ఎందుకు?"

"వాళ్లు అలాగే అంటారండి."

"కారణం చెప్పవయ్యా కారణం!"

"కారణం నాకు తెలియదండి. పుట్టినప్పటి నుంచి వింటున్నాను. దొరలు అంటారు, దొరసానులు అంటారు, వాళ్ల పిల్లలూ అంటారు. మరోలా అన్నవాణ్ని నేను చూడలేదండి."

"విన్నారా!" అని ఆచారి చేతులు చాచాడు. "కారణం తెలియదట! కోటలో ఉండి జీతం తింటున్నాడు, కారణం తెలియదట! చిలక కూడా విన్నదే పలుకుతుంది. చిలకకు తలపాగా చుట్టి కొలువులో కూర్చోబెట్టారన్నమాట!"

కొలువంతా గొల్లున నవ్వింది. మంత్రిగారు నవ్వారు. సేనాపతి నవ్వాడు. ఇంగ్లీషులో ఒక్క ముక్క రానివాళ్లు మరీ గట్టిగా నవ్వారు. రాజుగారైతే సింహాసనం చెయ్యి చరిచి మరీ నవ్వారు.

పేరిశాస్త్రి కూడా నవ్వబోయాడు. ధర్మలింగం నవ్వులపాలు కావడం చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. కానీ అతను తలపాగా సర్దుకోవడానికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి వణికింది. పేరిశాస్త్రి తెరిచిన నోరు మూసేసుకున్నాడు.

రాజుగారు తీర్పు చెప్పేశారు. ఎల్లుండి రథయాత్ర బంతి. భోజనాలయ్యాక ధర్మలింగం కొలువులో అందరి ఎదుటా ఆచార్యుల పుస్తకం మీద చెయ్యి పెట్టి, ఇన్నాళ్లూ తప్పు మాట్లాడానని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఊరు విడిచిపోవాలి. కోట పక్కనున్న అతని ఇల్లు ఆచార్యులకు. ఈ ఏటి బంతిలో అతనికి విస్తరి లేదు.

ఈ బంతి సంగతి కొంచెం చెప్పాలి. జగన్నాథుడి రథం తిరిగిన మర్నాడు చిత్రవరం కోట మండువాలో రాజు దగ్గర్నుంచి ఏనుగు మావటి దాకా అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. జగన్నాథుడి పేరు మీద జరిగేది కనుక ఆ పూట ఎవరి కులమూ ఎవరూ అడగరు. ఆ ఏటి కొత్తావకాయ జాడీ కోటలో మొదటిసారి తెరిచేది ఆ బంతిలోనే. రాజు పెరుగన్నం తిని చెయ్యి కడిగేదాకా ఒక్కరు కూడా విస్తరి ముందు నుంచి లేవకూడదు. అటువంటి బంతిలో విస్తరి లేదనడం మనిషిని ఊళ్లోంచి వెళ్లగొట్టడం కన్నా ఎక్కువ. చిత్రవరంలో దొంగకు కూడా ఆ శిక్ష వెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం పేరిశాస్త్రి ఎన్నాళ్లకో ధర్మలింగం గుమ్మం తొక్కాడు. అతను పెట్టెలో బట్టలు సర్దుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఒక్క మాటే కదా. తప్పయిందని అనెయ్యరాదూ! ఇల్లు దక్కించమని నేను ఏలినవారి కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు పేరిశాస్త్రి.

ధర్మలింగం తలెత్తలేదు. "తప్పు కానిదాన్ని తప్పని ఎలా అనమంటారు శాస్త్రిగారూ? నేను తప్పంటే మా నాన్నా తప్పే. నాకు ఆ మాటలు నేర్పిన మనుషులందరూ తప్పే. ఎందుకలా అంటారో నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. తెలియకపోతే మాత్రం? నేను అబద్ధమాడానా?"

పేరిశాస్త్రి దారంతా తనలో తానే కేకలేసుకుంటూ ఇంటికి నడిచాడు. ఇదెక్కడి న్యాయం? మాట్లాడేవాళ్లు ఎలా మాట్లాడతారో తెలిసినవాడు మూర్ఖుడూ, వాళ్లు ఎలా మాట్లాడాలో వాళ్లకే శాసనం రాసినవాడు పండితుడూనా? ఆ ఆచారి జన్మలో ఒక దొరతో మాట్లాడాడా? పల్లకీలో పుస్తకాన్ని ఊరేగించడం తప్ప ఏం చేశాడు? పైగా, చెయ్యి వణుకుతున్న మనిషిని చూసి కూడా నవ్వారే! రాజుగారిని అనాలి ముందు. ఆయన నవ్వకపోతే ఒక్కడు నవ్వేవాడా?

ఇంట్లో భార్య భ్రమరాంబ విస్తరి వేసి ముద్దపప్పు వడ్డించింది, నెయ్యి వేసింది, పక్కన ఆవకాయ పెట్టింది. పేరిశాస్త్రి ఆ కోపంలోనే గబగబా కలుపుకున్నాడు. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమే, ముద్దపప్పులో ఆవకాయ ఎందుకు కలుపుకుంటామంటావు?"

"కొలువులో ఎవరి మీదో కోపం వస్తే నా వంటను పట్టుకుని వేళ్లాడతారేమండీ? వద్దంటే చెప్పండి, జాడీ తీసేస్తాను," అని ఆవిడ నిజంగానే ఆవకాయ జాడీ ఎత్తింది.

"ఉంచు, ఉంచు! నీకు పుణ్యముంటుంది, ఉంచు!" అని పేరిశాస్త్రి ఎడమచేత్తో జాడీ పట్టుకున్నాడు. చాలాసేపటికి అతని మొహంలో నవ్వు కనిపించింది.

మర్నాడు కొలువులో పేరిశాస్త్రి లేచి నిలబడి రాజుగారికీ, ఆచారికీ, పుస్తకానికీ విడివిడిగా దణ్ణం పెట్టాడు.

"ఏలినవారూ! ఆచార్యుల శాస్త్రం విన్నాక నాకు రాత్రి నిద్ర లేదు. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న దొరల నాలుకల్నే చక్కబెట్టిన శాస్త్రం కదా, మన నాలుకల సంగతి చూడొద్దా? మన వంటింట్లో కట్టుబాటు అనేది ఉందా అని? ఒక్క ఉప్పునే తీసుకోండి. పప్పులో అదే, కూరలో అదే, చారులో అదే, పచ్చట్లో అదే. ఒక క్రియ పూటకో తోడుతో తిరిగితేనే ఆచార్యులు ఒప్పుకోలేదే! మరి ఈ ఉప్పునేమనాలి?"

రాజుగారు నవ్వారు. "ఏమంటారు ఆచారిగారూ? మీ శాస్త్రం వంటింటికి పనికొస్తుందా?"

ఆచారి ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ కొలువంతా తనవైపే చూస్తోంది. పనికిరాదని అంటే శాస్త్రానికి హద్దున్నట్టవుతుంది. "సూత్రానికి లొంగనిది లోకంలో ఏదీ లేదు మహాప్రభూ!" అనేశాడు.

"అయితే రేపటి బంతికి వంటకాల జోడీలు ఆచార్యులవారే నిర్ణయించాలి," అన్నాడు పేరిశాస్త్రి. "కారణాలతో సహా."

కారణాలకు ఆచారి ఎప్పుడు తడుముకున్నాడు గనక! అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టాడు. "అన్నం మెత్తన, పప్పు మెత్తన. కాబట్టి అన్నానికి పప్పు. ఆ రెండింటినీ జారుగా చేసేది కనుక పప్పుకు నెయ్యి. ఆవకాయ అంటే కాయ. బీరకాయ అన్నా కాయే. కాబట్టి ఆవకాయను బీరకాయ కూరతోనే తినాలి. ఉప్పు సముద్రపు నీటిలో పుట్టింది, కాబట్టి నీళ్లలాంటి చారులో తప్ప మరి దేంట్లోనూ వెయ్యరాదు."

"మరి పెరుగో?" అన్నాడు పేరిశాస్త్రి అతివినయంగా.

"పెరుగు పాల బిడ్డ. తల్లిని వదిలి అన్నంలోకి పోవడం అశాస్త్రీయం. పాలతోనే పుచ్చుకోవాలి."

వంటవాళ్ల పెద్ద ఆ మూలనే నిలబడి వింటున్నాడు. అతని మొహం పాలిపోయింది. కానీ రాజుగారు తల ఊపేశారు. శాస్త్రాన్ని తాను వంటింటి దాకా నడిపించానని కలెక్టరు దొరకు చెప్పుకోవచ్చునన్న ఆశ ఆయనది. రేపు జోడీ తప్పిన చెయ్యి ఎవరిదైనా సరే కొలువులో జవాబు చెప్పుకోవాలని చాటింపు కూడా వేయించారు.

రథయాత్ర బంతి రోజు వచ్చింది. మండువాలో వరసగా విస్తళ్లు పడ్డాయి. నడిమధ్యన రాజుగారు, ఆయన కుడివైపు ఆచారి, ఎడమవైపు పేరిశాస్త్రి. ధర్మలింగం బంతిలో లేడు. భోజనాలయ్యాక పుస్తకం మీద చెయ్యి పెట్టడం కోసం అతణ్ని స్తంభం పక్కన నిలబెట్టారు. తలపాగా మాత్రం ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

బీరకాయ కూర వడ్డించారు. ఉప్పు లేదు. రాజుగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. కష్టం మీద మింగారు. ముద్దపప్పు వచ్చింది. ఉప్పు లేదు. నెయ్యి వేశారు. నెయ్యి ఉప్పు లోటు తీరుస్తుందా? బంతి మొత్తం మీద ఒక్కరూ మాట్లాడలేదు. మావటి ఒక్కడే "రామ రామ" అన్నాడు.

అప్పుడు కొత్తావకాయ జాడీ తెరిచారు. ఆ ఘాటు మండువా అంతా కమ్ముకుంది. వంటవాడు కళ్లు తుడుచుకుంటూ ఒక్కొక్కరి విస్తట్లో, ఆచార్యుల ఆజ్ఞ ప్రకారం, బీరకాయ కూర పక్కన ఒక్కొక్క బద్ద వేసుకుంటూ వెళ్లాడు. ఎర్రగా, నూనె ఓడుతూ, ముద్దపప్పన్నానికి బెత్తెడు దూరంలో కూర్చుంది అది. బంతిలో ఉన్నవాళ్లంతా దానివైపే చూస్తున్నారు. ఒక్క చెయ్యీ కదల్లేదు, చాటింపు గుర్తుంది కనుక.

చారు వచ్చింది. వంటింట్లో మిగిలిపోయిన ఉప్పంతా దాన్లోనే పోశారో ఏమో, నోట్లో పెట్టుకున్నవాడికి కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాత ఏమీ రాలేదు. పెరుగు గిన్నెలు దూరంగా పాల గిన్నెల పక్కన కూర్చుని ఉన్నాయి.

రాజుగారు పెరుగన్నం తినందే ఎవరూ లేవకూడదు. పెరుగును అన్నంలోకి వెయ్యకూడదు. కాబట్టి ఎవరూ లేవలేదు. అందరి చేతులూ ఎండిపోతున్నాయి. రాజుగారు వంటవాడివైపు చూశారు, పెరుగువైపు చూశారు, ఆచారివైపు చూశారు. తన చాటింపే తనకు అడ్డమొచ్చింది. ఎవరిని తిట్టాలో ఆయనకు తోచలేదు.

ఆచారి పరిస్థితి మరీ అన్యాయం. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎదురుగా విస్తట్లో ముద్దపప్పు, నెయ్యి, పక్కనే కొత్తావకాయ. ఆయన శాస్త్రం గురించే ఏదో చెబుతూ పక్కనున్న మంత్రిగారివైపు తిరిగాడు. నోరు మాట్లాడుతోంది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. చూపుడువేలు మెల్లగా జరిగింది. ఆవకాయ బద్దను లాగింది. పిండి చిదిమింది. ముద్దపప్పులో ఇటూ అటూ రెండుసార్లు తిప్పింది. ముద్ద ఎర్రగా తయారైంది. నోటిదాకా వెళ్లింది.

"ఆగండి!" పేరిశాస్త్రి అరిచిన అరుపుకు మండువా దద్దరిల్లింది.

ముద్ద నోటి ముందు ఆగిపోయింది. బంతిలో తలలన్నీ అటే తిరిగాయి. ఆచారి తన చేతిలోకి తానే చూసుకుని నిర్ఘాంతపోయాడు.

"ఆచారిగారూ!" అన్నారు రాజుగారు. ఆయన గొంతులో ఆకలీ కోపమూ రెండూ ఉన్నాయి. "ఆవకాయకు బీరకాయ జోడీ అని మీరే కదా అన్నది? మేం నోరు కట్టుకు కూర్చుంటే మీరు ముద్దపప్పులో కలుపుకుంటారా? ఎందుకు కలిపారు?"

"పొరపాటు మహాప్రభూ... చేతి అలవాటు..."

"అలవాటంటే కుదరదు," అన్నాడు పేరిశాస్త్రి. "కారణం చెప్పాలి. ఏ సూత్రం ప్రకారం కలిపారు?"

"సూత్రమేమిటయ్యా!"

"కారణం చెప్పండి ఆచార్యులూ, కారణం! చాటింపు వేశారు కదా. ముద్దపప్పులో ఆవకాయ ఎందుకు?"

ఆకలితో ఉన్న మనిషి, నోటి దగ్గర ముద్ద, చుట్టూ జనం. ఆచారికి ఒళ్లు తెలియకుండా కోపం వచ్చేసింది.

"ముద్దపప్పులో ఆవకాయ కలుపుకోవడానికి కారణం అడుగుతారటయ్యా! నువ్వు తెలుగువాడివేనా? మా అమ్మ కలిపి పెట్టింది, వాళ్లమ్మ ఆవిడకు కలిపి పెట్టింది! పుట్టినప్పటి నుంచి తింటున్నాను! లోకమంతా అలాగే తింటుంది! దీనికి కారణం ఏముంటుంది?"

పేరిశాస్త్రి విస్తరి ముందు నుంచి లేవలేదు. లేవకూడదు కదా. కూర్చున్నచోటు నుంచే వేలెత్తి స్తంభం వైపు చూపించాడు. చమత్కారం లేదు అతని గొంతులో.

"మొన్న ఆ మనిషి కూడా ఇదే మాట అన్నాడు ఏలినవారూ. పుట్టినప్పటి నుంచి వింటున్నాను, అందరూ అలాగే అంటారు, కారణం నాకు తెలియదు అన్నాడు. అప్పుడు చిలక అన్నాం, నవ్వాం, విస్తరి తీసేశాం, ఇల్లు లాక్కున్నాం. ఇప్పుడు ఆచార్యులు అదే అంటే ఎవరూ నవ్వరేం? నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు.

"దొరల నాలుక మీద ఏ మాట వెనకాల ఏది కుదురుకుంటుందో అది దొరల అమ్మలు కలిపి పెట్టిన ముద్ద. మనం వెళ్లి కాయకు కాయే జోడీ అని వాళ్లకు చెబితే, మనకు ఈ పూట దొరికిన భోజనమే వాళ్లకు మన ఇంగ్లీషులో దొరుకుతుంది. రేపు కలెక్టరు దొరకు కూడా ఇదే వడ్డిద్దామా?"

రాజుగారు తన విస్తరిలోకి చూసుకున్నారు. ఉప్పులేని పప్పు, ముట్టుకోని ఆవకాయ. ఆయన భుజాలు మెల్లగా కదలడం మొదలైంది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు బయటికొచ్చింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"ఓడిపోయానయ్యా పేరిశాస్త్రీ! నన్ను ఆకలితో మాడ్చి మరీ బుద్ధి చెప్పావు. ఈ కంకణం తీసుకో," అని చేతి బంగారు కంకణం తియ్యబోయారు.

"వద్దు ఏలినవారూ." పేరిశాస్త్రి చెయ్యి చాచలేదు. "మొన్న నవ్వినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ధర్మలింగమూ ఇక్కడే ఉన్నాడు. నాకు కంకణం ఇచ్చి నవ్వేస్తే అతని చెయ్యి వణకడం ఆగదు."

ఎంత మాట అన్నాడో పేరిశాస్త్రికే అప్పుడు తెలిసింది. రాజుకు ఎదురుగా, అందరి ముందూ, ఇచ్చిన బహుమానం కాదన్నాడు. రాజుగారి నవ్వు ఆగిపోయింది. తియ్యబోయిన కంకణాన్ని మళ్లీ వెనక్కి తోసుకున్నారు.

తర్వాత స్తంభం వైపు తిరిగారు. "ధర్మలింగం, ఇలా రా."

అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రాజుగారు గొంతు సవరించుకున్నారు. తెలుగులో చెబితే తేలికయ్యేది. కానీ అవమానం జరిగింది ఇంగ్లీషు పేరు మీద కనుక, ఆయన ఇంగ్లీషులోనే మొదలుపెట్టారు.

"ధర్మలింగం, వీ లాఫ్డ్..." అని ఆగిపోయారు. నిన్ను చూసి నవ్వాం అని చెప్పాలి. తర్వాత ఏ తోక రావాలో తెలియలేదు. ఆచారివైపు చూడలేదు. ధర్మలింగం వైపే చూశారు. "తర్వాత ఏమిటయ్యా?"

"ఎట్ అండి. లాఫ్డ్ ఎట్ యూ."

"వీ లాఫ్డ్ ఎట్ యూ. తప్పు మాదే." అప్పుడు కూడా రాజుగారికి పాత అలవాటు పోలేదు. "ఎందుకయ్యా ఎట్?"

ధర్మలింగం తలపాగా సర్దుకున్నాడు. ఈసారి చెయ్యి వణకలేదు.

"అలాగే అంటారండి."

రాజుగారు మళ్లీ నవ్వారు, ఈసారి బంతంతా ఆయనతో నవ్వింది. ఆయన కుడివైపు కొత్త విస్తరి వేయించారు. ఆచారి తన విస్తరితో సహా ఒక చోటు కిందికి జరిగాడు. ఎర్రబడ్డ ముద్ద ఇంకా చేతిలోనే ఉంది. తినమని రాజుగారు సైగ చేస్తే కళ్లు మూసుకుని తిన్నాడు. ధర్మలింగం ఇల్లు ధర్మలింగానిదే అయింది. శాస్త్రం పుస్తకం వచ్చిన పల్లకీలోనే మదరాసు వెళ్లిపోయింది. ఆచారి మాత్రం ఉండిపోయి, వానలు వెలిసేలోగా ధర్మలింగం దగ్గర కూర్చుని చాలా నేర్చుకున్నాడని చెబుతారు.

"ఇప్పుడైనా అడగవయ్యా పేరిశాస్త్రీ, నీకేం కావాలో," అన్నారు రాజుగారు.

"ఉప్పు ఏలినవారూ. ఆ తర్వాత పెరుగన్నం. చేతులు ఎండిపోయి చాలాసేపైంది."

వంటవాడు ఉప్పు గిన్నెతో పరుగెత్తుకొచ్చాడు. రాజుగారి అవతలి పక్కనుంచి ఎవరో కొత్త గొంతుతో నవ్వుతున్నట్టు వినిపిస్తే పేరిశాస్త్రి తిరిగి చూశాడు. ధర్మలింగం ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ, తలపాగా పక్కకు ఒరిగిపోయినా సర్దుకోకుండా, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.